తంగేడు పువ్వుకి దిష్టి చుక్క

అనగనగా ఒక గుట్ట. ఆ గుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో అగ్గిపెట్టంత పోస్టాఫీసు. అందులో ఉత్తరాలకి ముద్ర కొట్టే నర్సవ్వ ఉండేది. ఊఁ కొడుతూ విను, మధ్యలో లేవకూడదు.

ఒకరోజు పట్నం నుంచి కొత్త స్టాంపులొచ్చాయి. చూస్తే ఏముంది! వాళ్ళ గుట్ట మీద పూసే అడవిపూలే. ఒకదాని మీద గునుగు, ఒకదాని మీద కట్లపువ్వు, ఒకదాని మీద బంగారు రంగు తంగేడు. నర్సవ్వ మురిసిపోయింది. ఏటా బతుకమ్మకి పేర్చి మొక్కే పూలాయె మరి!

ఆ ఊళ్ళోనే కనకలక్ష్మి అని ఒక బాలింత. ఆమె మొగుడు ఓదెలు దూరాన మంచుకొండల్లో సిపాయి. "ఆడపిల్ల పుట్టింది. పేరు నేనే పెడతానంటివి గదా, రాసి పంపు" అని ఉత్తరం రాసి, గునుగు స్టాంపు అంటించి ఇచ్చింది.

అప్పుడు నర్సవ్వ ముద్ర ఎత్తింది. కానీ చెయ్యి కిందికి రాలేదు. మొక్కే పువ్వు మొహాన నల్ల సిరా ఎలా కొడుతుంది? పువ్వుకి తగలకుండా పక్కన కొట్టి పంపేసింది. స్టాంపు మీద ముద్ర లేదు, చెల్లదని పట్నం వాళ్ళు తిప్పి పంపారు.

ఆ తర్వాత కట్లపువ్వు అంటించి ఇంకో ఉత్తరం. మళ్ళీ చెయ్యి రాలేదు. అదీ గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. పిల్లకి పేరు లేదు, తండ్రికి పిల్ల పుట్టిన కబురే లేదు. పాపం, కనకలక్ష్మికి ఒకటే ఏడుపు.

మూడోసారి తంగేడు స్టాంపు అంటించి, పిల్లనెత్తుకుని తనే పరుగున వచ్చింది. నర్సవ్వ ఉత్తరం వైపు చూడనైనా లేదు.

"ఏం పిల్లవే నువ్వు! పసిగుడ్డును దిష్టి చుక్క పెట్టకుంట బయటికి తెస్తవా?" అని కసిరింది.

"తొందరల మర్శిపోయిన అవ్వా."

పోస్టాఫీసులో కాటుక ఎక్కడుంటుంది? నర్సవ్వ చిటికెన వేలు సిరాలో ముంచి పిల్ల బుగ్గన ఇంత చుక్క పెట్టింది. అప్పుడు తంగేడు పువ్వు వైపు చూసింది.

"అయ్యో, నువ్వు గూడ దూరం పోయేదానివే గదనే! ఎందరి కండ్లు పడ్తయో!" అని ఆ పువ్వు మీదే ధబీమని ముద్ర కొట్టింది.

ఈసారి ఉత్తరం వెనక్కి రాలేదు. ఓదెలు నుంచి జవాబే వచ్చింది. "మన గుట్ట తంగేడు చూస్తే కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. బిడ్డకు పసిడి అని పెట్టు" అని రాశాడు.

ఇంతకీ నా పేరేంటో చెప్పు? "పసిడమ్మ" అంటున్నావా! అదిగో, పట్టేశావు దొంగపిల్లా. ఎంత రుద్దినా ఆ సిరా నెల్లాళ్ళు పోలేదట. అందుకే నాకు ఇన్నేళ్ళొచ్చినా ఏ దిష్టీ తగల్లేదు.

కథ నడిచె కంచికి,
కబురు చేరె ఇంటికి,
చుక్క నీ బుగ్గకి,
కునుకు నీ కంటికి.