వాగుకు వెళ్లి వచ్చిన లెక్క

సుదర్శనుడు తరగతిలోంచి విసురుగా వచ్చి, చేతిలోని సుద్దముక్కను నేలకేసి కొట్టాడు.

"ఆ పిల్లకు ఇక నేను పాఠం చెప్పను స్వామీ! బడి మాన్పించి పంపెయ్యండి."

కొండమీది ఆశ్రమంలో చిన్న బడి ఉంది. అందులో భౌతికశాస్త్రం చెప్పేది సుదర్శనుడే. పరంజ్యోతి స్వామికి శిష్యుడై ఏళ్లు గడిచినా అతని కోపం మాత్రం తగ్గలేదు.

"ఎవరు? ఓబులమ్మేనా?" అన్నారు స్వామి.

"అదే. బయలుదేరిన చోటికే తిరిగొస్తే స్థానభ్రంశం సున్నా. దాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం కూడా సున్నా. అర్థమవుతుందని, ఇంటి నుంచి వాగుకు వెళ్లి రావడమే లెక్కగా ఇచ్చాను. సున్నా అని రాయనంది! 'బిందె మోసేది నేను సార్, నా నడక సున్నా ఎట్లయితాది?' అని అందరి ముందూ నా మీదికి అరిచింది. బయటికి గెంటేశాను."

స్వామి కనుబొమలు ముడిపడ్డాయి. లోపలికి వెళ్లి ఖాళీ బిందె తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు.

"వాగు నుంచి నీళ్లు తీసుకురా."

"ఈ ఎండలోనా?"

"ఈ ఎండలోనే."

పళ్లు నూరుతూ కొండ దిగాడు. తిరిగి ఎక్కేటప్పుడు బిందె అంచు భుజాన్ని కోసింది. రాళ్లు అరికాళ్లను కాల్చాయి. అడుగడుక్కీ ఆ పిల్లనూ, స్వామినీ తిట్టుకుంటూనే పైకి చేరాడు.

స్వామి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఎంతసేపు పట్టింది?"

"గంట పైనే."

"నీ స్థానభ్రంశం?"

"సున్నా."

"సగటు వేగం?"

"సున్నా!" అన్నాడు కసిగా.

స్వామి బిందె అందుకుని, నీళ్లన్నీ వాకిట్లో మట్టిలో గుమ్మరించారు.

"స్వామీ!" సుదర్శనుడు గొంతు చించుకున్నాడు. "ఎంత కష్టపడి మోసుకొచ్చాను! నా భుజం చూడండి, తోలు లేచిపోయింది. నేను నడిచిందంతా సున్నాయేనా?"

అని, ఉన్నచోటే ఆగిపోయాడు.

బడి గోడ నీడలో ఓబులమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో ఇటే చూస్తోంది.

"నీ లెక్క ఒప్పే," అన్నారు స్వామి. "ఇప్పుడు వెళ్లి చెప్పు. వింటుంది."