అలుగు మూసిన చెరువు

అనగనగా, వానలు మాట తప్పడం నేర్చిన రోజుల్లో, ఎర్రకొండ పాదాన ఒక పల్లె ఉండేది. పల్లెకంతటికీ ఒకటే చెరువు. పొలాలకు పారేవి ఆ నీళ్లే. గొర్రెలు తాగేవి ఆ నీళ్లే. కట్ట కింద చెలమలో ఊరితే ఆడవాళ్లు బిందెలకు తోడుకునేవీ ఆ నీళ్లే.

వెనుకటికి మృగశిర కార్తె వస్తే చినుకు వచ్చేది. ఇప్పుడు అలా లేదు. ఒక ఏడు చుక్క రాలదు. మరో ఏడు ఆకాశానికి చిల్లు పడ్డట్టు ఒక్క పూటలో కుమ్మరించి పోతుంది.

ఆ ఊరి రైతులకు పెద్ద తిప్పన్న. వరుసగా పైరు ఎండిపోయేసరికి ఆయనకు భయం పట్టుకుంది. ఆ భయమే మెల్లగా పేరాశగా మారింది.

మొదట ఆయన గొర్రెలు దిగే రేవుకు ముళ్లకంప కొట్టించాడు. "నీళ్లు పైరుకే చాలవు. మందను అవతలికి తోలుకోండి" అన్నాడు. కాపరి మల్లప్ప మందతో, తోటి కాపరులతో కొండ మీదికి వెళ్లిపోయాడు.

తర్వాత చెలమను పూడ్పించాడు. "ఇందులో ఊరేదంతా చెరువు నీరే కదా!" అన్నాడు. ఆడవాళ్లు బిందెలెత్తుకుని పొరుగూరి దారి పట్టారు.

మూడోసారి ఆయన కన్ను అలుగు మీద పడింది. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే దారి అది. ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదని దాన్ని రాళ్లతో, బంకమట్టితో మూయించాడు. దాని ముందున్న వాగు జాగాలోనూ వరి నాటించాడు.

కట్ట పక్కన అరెకరం చేను చేసుకునే ఈరమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది.

"అన్నా, అలుగు మూస్తే చెరువుకు ఊపిరాడదు. పెద్ద వాన వస్తే కట్ట నిలవదు."

"వాన లేక చస్తుంటే పెద్ద వానంటావేమమ్మా!" అని తిప్పన్న నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "నీ చేనుకూ ఒక కాలువ తీయిస్తాలే. నోరు మెదపకు."

ఈరమ్మ చేనులో మొలకలు వాడిపోతున్నాయి. ఆమె ఒకసారి అటు చూసింది.

"పదిమంది గొంతులు ఎండబెట్టిన నీళ్లు నాకొద్దన్నా" అని వెనుదిరిగింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కొండ నల్లబడింది. వాన మొదలైంది. ముందు జనం కేరింతలు కొట్టారు. కాసేపటికి కేరింతలు ఆగాయి. కొండవాగులన్నీ ఎర్రగా ఉరికి చెరువులో పడుతున్నాయి. నీరు కట్ట అంచును తాకింది. కట్టకు అవతలి వైపున సన్నటి తడి చార ఒకటి కనిపించింది.

"అలుగు తెరవండి!" అని ఈరమ్మ అరిచింది.

తిప్పన్న చేతులు చాచి అలుగుకు అడ్డం నిలబడ్డాడు. "తెరిస్తే నా నాట్లు కొట్టుకుపోతాయి! ఇంకాసేపు చూద్దాం. వాన తగ్గుతుంది!"

వాన తగ్గలేదు. తడి చార ధార అయింది. ధార బొక్క అయింది. చూస్తుండగానే బండెడు మట్టి జారి, కట్టకు గండి పడింది. పోయే నీటి హోరుకు ఊరు దద్దరిల్లింది.

ఈరమ్మ కొండ మీదికి పరుగెత్తింది. మల్లప్ప గుడిసె ముందు నిలబడి ఆ హోరు వింటున్నాడు.

"తమ్ముడూ, గండి పడింది. మీ దొడ్డి తడికెలు పట్టుకుని రండి!"

"మా జీవాలకు గుక్కెడు నీళ్లివ్వని చెరువు. ఉంటేనేం, తెగితేనేం అక్కా?"

"తెగితే మునిగేది మా ఇళ్లే. కానీ రేపు ఎండొస్తే నీ మంద నాలుక తడిపేది ఏది? ఈ వాన మళ్లీ ఎప్పుడొస్తుందో నువ్వు చెప్పగలవా?"

మల్లప్ప కింద చెరువు వైపు చూశాడు. తర్వాత దొడ్డి తడికెను రెండు చేతులా పెరికాడు. కాపరులందరూ అతని వెంట దిగారు.

వాళ్లు వచ్చేసరికి తిప్పన్న మోకాళ్ల మీద కూలబడి, అలుగు రాళ్లను తన చేతులతోనే పీకుతున్నాడు. గోళ్లు చీలి నెత్తురు కారుతోంది. గండి నీరు అప్పటికే ఆయన నాట్లను తుడిచిపెట్టేసింది. ఆయన తలెత్తి చూడలేదు. అలుగు తెరుచుకోగానే గండి మీద ఒత్తిడి తగ్గింది. కాపరులు తడికెలు అడ్డం పెట్టి పట్టుకున్నారు. ఆడవాళ్లు మట్టి తట్టలు అందించారు. రైతులు నడుము లోతు నీళ్లలో నిలబడి ఆ మట్టిని తొక్కారు. పొద్దు వాలేలోపు గండి మూతపడింది.

కానీ సగం చెరువు పోయింది.

మర్నాడు కట్ట మీద ఊరంతా చేరింది. తిప్పన్న ముందుకు వచ్చాడు. "పోయిన సగం నా మూలానే పోయింది. ఉన్న సగం ఎలా వాడాలో ఈరమ్మ చెప్పనీ" అన్నాడు.

"ముందు మనుషుల గొంతుకు. తర్వాత జీవాలకు. మిగిలింది పైరుకు" అంది ఈరమ్మ. "ఈ ఏడు వరి వద్దు. కొర్ర, సజ్జ చల్లుదాం. అందరి చేలకూ వంతు ప్రకారం తడి."

చెలమ మళ్లీ తవ్వారు. కట్ట కింద జీవాలకు రాతి తొట్టి కట్టారు. మల్లప్ప మందలు వంతులవారీగా చేలలో పడుకుని ఎరువు వేశాయి. మరుసటి ఏడు చినుకు రాలలేదు. చుట్టుపక్కల పల్లెలు మూటలు కట్టుకుని వలసపోయాయి. ఎర్రకొండ పల్లెలో మాత్రం వంతులతో మిగిల్చిన నీళ్ల మీద ప్రతి ఇంటా పొయ్యి వెలిగింది.

పంచుకున్న నీరు కరువును దాటిస్తుంది, దాచుకున్న నీరు కట్టనే తెంచుతుంది.