రాజుగారి బండికి ఎన్ని అంగుళాలు?

ఎర్రమిట్ట సంస్థానంలో పట్టపుటేనుగు ముసలిదై కన్నుమూశాక, ఉద్దండరాయలవారు దాని స్థానంలో ఒక పికప్ ట్రక్కు కొన్నారు. వెనక తొట్టిలో సింహాసనం బిగించారు. బానెట్ మీద పట్టుబట్ట కప్పి, అద్దాలకి గంటలు కట్టారు. హారన్ నొక్కితే ఘీంకారం వచ్చేలా ఏర్పాటు చేశారు. ఏనుగుకి పెట్టినట్టే బండికీ రోజూ చెరుకుగడలు పెట్టేవారు. అవి డ్రైవరు తినేవాడు.

అంతా బాగానే సాగుతుండగా ఒకరోజు సంతదారిలో మల్లెమడుగు రాజుగారి ట్రక్కు ఎదురైంది. అది మన బండికంటే జానెడు ఎత్తు. ఆ రాజు కిందికి వంగి చూసి, "అక్కడ ఎవరో కూర్చున్నట్టున్నారే" అని తన మంత్రితో అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఉద్దండరాయలవారికి ముద్ద దిగలేదు. అంటే, రోజూ తినేదాంట్లో సగమే దిగింది. ఆ సగం మనబోటి వాళ్ళు ముగ్గురికి సరిపోతుంది.

మర్నాడు సభ పెట్టి, దసరా ఊరేగింపు కొండెక్కేలోపు తన బండి ఎత్తు పెరిగి తీరాలన్నారు. రథాధ్యక్షుడు దండపాణి దానికోసమే కాచుకుని ఉన్నట్టు మూడు లిఫ్ట్ కిట్లు తెప్పించి సభలో పరిచాడు. పెద్ద స్ప్రింగులు, ఇనప దిమ్మెలు. అవి చక్రాలకీ బండికీ మధ్య బిగిస్తే బండి పైకి లేస్తుంది. ఒకటి రెండంగుళాలు లేపేది, ఒకటి ఆరు, ఒకటి పన్నెండు. దండపాణి మీసం దువ్వుకుని, రాజు పరువు ఎంతో బండి ఎత్తు అంత ఉండాలి కనక పన్నెండే పెట్టాలన్నాడు. రాజుగారి ముఖం విప్పారింది.

వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ గవరయ్య మాత్రం కొండదారిని తలుచుకున్నాడు. ఊరేగింపులో సింహాసనం వెనక, తొట్టిలో నిలబడి రాజుగారికి గొడుగు పట్టేది అతనే. రెండు చేతులూ గొడుగుకే చాలవు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఇప్పుడున్న ఎత్తులోనే కొండమలుపుల్లో బండి ఓ పక్కకి ఒరిగితే అతను తొట్టి అంచుదాకా జారేవాడు. ఇంకో పన్నెండంగుళాలు లేపితే బండి లోయలోకి దొర్లుతుంది. అందరికంటే ముందు గొడుగుతో సహా ఎగిరిపడేది తనే.

అదే మాట మెల్లిగా మనవి చేశాడు. దండపాణి పకపకా నవ్వాడు. ఛత్రధారికి పిరికిమందు ఎవరో పోసినట్టున్నారని, గుండెగల వాణ్ణి చూసి ఆ గొడుగు ఇప్పిస్తే మంచిదని రాజుగారి చెవిన వేశాడు. రాజుగారు కూడా కనుబొమలు ముడిచారు. ఇంకొకసారి ఎత్తు తగ్గించమంటే గొడుగు అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నారు.

ఇక తగ్గించమనడానికి వీల్లేదు. గవరయ్య కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"తప్పయింది ప్రభూ. పన్నెండు మన పరువుకి ఏమూలకి? పద్దెనిమిది వేయించండి."

దండపాణికి ఒళ్ళు మండింది. గొడుగు పట్టేవాడు తనని మించడమేమిటి?

"ఇరవైనాలుగు ప్రభూ," అన్నాడు.

గవరయ్య వెంటనే ఓడిపోయాడు. దండపాణిగారి ముందు తానెంత అని లెంపలేసుకున్నాడు. ఆపైన, రాజుగారి వాహనం ఎంచినవారికి దక్కే ఆరోహణ మర్యాద ఆయనకే దక్కాలని వేడుకున్నాడు.

సభలో చాలామందికి ఆ ఆచారం అప్పుడే గుర్తొచ్చింది. ఎర్రమిట్ట రాజులు నిచ్చెన ఎక్కరు. రాయలవారి ముత్తాత ఒకసారి నిచ్చెన మీద ఉండగా కాపలావాడు దొంగనుకుని కేకలేశాడట, అప్పట్నుంచి నిషేధం. అందుకని అందని వాహనం ఏదైనా వస్తే, దాన్ని ఎంచిన పెద్దమనిషి వీపు వంచాలి, రాజుగారు ఆ వీపుమీద కాలుపెట్టి ఎక్కాలి. ఇది గొప్ప గౌరవం. ట్రక్కు వచ్చాక రాజుగారు తనంతట తనే ఎక్కుతున్నారు కనక ఎవరికీ ఆ గౌరవం దక్కలేదు.

రాయలవారు ముచ్చటపడిపోయి, ఇప్పుడే ఒకసారి ఎక్కి చూద్దామన్నారు. ముంగిట్లో బండిని జాకీల మీద ఇరవైనాలుగు అంగుళాలు లేపారు. దండపాణి రాజుగారి బొజ్జవంక ఒకసారి, బండివంక ఒకసారి చూసి, తలపాగా తీసి పక్కన పెట్టి వంగాడు.

రాజుగారు కుడికాలు మోపారు.

"ప్రభూ," అన్నాడు దండపాణి కిందనుంచి, "ఆలోచిస్తే పన్నెండు కూడా ఎత్తే."

రాజుగారు రెండో కాలు కూడా మోపారు. తొట్టి ఇంకా అందలేదు.

"ఆరు," అన్నాడు దండపాణి. రాజుగారు పట్టుకోసం మడమ గట్టిగా తొక్కారు. "రెండు ప్రభూ, రెండు చాలు. అసలు ఇదివరకటి ఎత్తే దివ్యంగా ఉండేది."

రాయలవారికి కోపం వచ్చింది. దిగకుండా అక్కడే నిలబడి గద్దించారు.

"నిన్నమొన్న కాదు, ఇందాకే నా పరువు ఇరవైనాలుగు అంగుళాలన్నావు. ఇంతలో రెండంగుళాలకి ఎలా పడింది?"

దండపాణి రెండు చేతులూ నేలకి ఆనించి రొప్పుతున్నాడు. అతని తరఫున గవరయ్య చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఇందాక ఆయన ప్రభువుల ఎత్తు మాత్రమే కొలిచారు. ఇప్పుడు బరువు కూడా కొలిచారు."

రాజుగారు తన బొజ్జవంక చూసుకున్నారు, కాళ్ళకింద దండపాణివంక చూశారు. ముందు బొజ్జ కదిలింది, తర్వాత మీసం, ఆ తర్వాత రాజుగారంతా నవ్వసాగారు. ఆయన నవ్వుతున్నంతసేపూ దండపాణి వీపుమీదే ఉన్నారు కనక, ఆ రోజు ముంగిట్లో నవ్వనివాడు అతనొక్కడే.

రెండంగుళాల కిట్టే బిగించమని ఆజ్ఞ అయింది. గవరయ్యకి ఒక పట్టుశాలువా, దానితోపాటు సింహాసనం వెనక బెల్టుతో సహా ఒక సీటు ఇప్పించారు.