ఎంగిలి పీక

కాశిం సాహెబుకు, ఎవరేది అడిగినా, వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. సన్నాయి పీకను నోట్లో పెట్టుకుని తడుపుతూ ఊరుకునేవాడు. జవాబు దానంతటది వచ్చేదాకా ఆ పీక అలా నానుతూనే ఉండేది. పల్నాడులో ఒక ఇరుకు సందులో ఉండేది ఆయన సన్నాయి బడి. కొత్తగా చేరినవాడు మొదటిరోజున, గురువు ఊది, శిష్యులంతా ఊదిన పీకనే చివరికి తానూ ఊదాలి. ఆ ఎంగిలితో ఇక ఆ ఇంటివాడైనట్టే.

ఆ ఏడు ఎండల్లో అలా చేరినవాడు లింగన్న. నల్లమల అంచున ఒంటరి గుడిసెలో, తల్లి దగ్గర, మేకల మధ్య పెరిగాడు. పదిమందిలో పడుకోవడం అతనికి అదే మొదలు. పెద్ద శిష్యుడు కోటిలింగం "మీసాలొచ్చిన మేకపిల్ల" అని ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు. చెవి మాత్రం ఏం చెవో! ఒకసారి విన్న రాగం తెల్లారేసరికి వేళ్ళ మీద ఉండేది.

నెల తిరక్కుండానే ఒక ఉదయం అతను పక్క మీంచి లేవలేకపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. మెడ కర్రలా బిగుసుకుంది. కాళ్ళ మీద ఊదారంగు మచ్చలు లేచాయి. వాకిట్లో బండి కట్టి ఉంది గానీ ఎత్తి అందులో పడుకోబెట్టే చెయ్యి లేదు. శిష్యులంతా గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. అందరి తరఫునా కోటిలింగమే నోరు విప్పాడు.

"గురువుగారూ, ఒక్క గదిలో పడుకున్నాం, ఒక్క కుండ నీళ్ళు తాగాం. మాకెవరికీ లేని జబ్బు ఇతనికే వచ్చిందంటే, కొండ మీంచి ఇతనే తెచ్చినట్టు కాదా? తెచ్చినవాణ్ణి మేమెందుకు ముట్టుకోవాలి?"

సాహెబు పీకను మొలలో దోపుకున్నాడు. వంగి, లింగన్న చంకల కింద చేతులు వేసి తానే ఎత్తాడు. గడప దాటించడం ముసలాయన ఒక్కడివల్లా కాలేదు. చూస్తూ ఉండలేక కోటిలింగం వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు, మొహం అటు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి. సన్నాయి ఊదేవాడు గనుక బండి దాకా బిగబట్టగలిగాడు.

ఆసుపత్రి డాక్టరమ్మ లింగన్నకు సూదిమందు మొదలుపెట్టి, బతుకుతాడని మాట ఇవ్వలేనంది. ఆ సాయంత్రమే సందుకు వచ్చి ఒక్కొక్కరి నోరు తెరిపించి, పుల్లకు చుట్టిన దూదితో గొంతులు తుడిచి, ఆ దూదిని పరీక్షకు తీసుకుపోయింది. తన గొంతులో ఏముంటుందిలే అని కోటిలింగం అందరికన్నా పెద్దగా నోరు తెరిచాడు.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చింది. ఆ క్రిమి సాహెబు గొంతులో ఉంది, ఇంకా కొందరి గొంతుల్లో ఉంది, కోటిలింగం గొంతులోనూ ఉంది. ఈ జబ్బుకు ఇంకా టీకా రాలేదని చెప్పింది. జనంలో పెరిగినవాళ్ళ గొంతుల్లోకి పసితనం నుంచీ ఈ క్రిమో, కీడు చెయ్యని దీని చుట్టాలో వచ్చి పోతూ ఉంటాయట. చాలామందికి ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి ఆపడం నేర్చుకుంటుందట. నేర్చుకునేలోపే పోయిన పసివాళ్ళూ ఉన్నారంది. ఆ మాటకు సాహెబు తల వంచుకున్నాడు. ఆయన తొలిచూలు బిడ్డ ఇలాగే మెడ బిగుసుకుని పోయింది.

"అతను తేలేదయ్యా," అంది డాక్టరమ్మ కోటిలింగంతో. "అతని ఒంటికి ఇది కొత్త. అంతే."

కోటిలింగం చెయ్యి మెల్లగా తన గొంతు మీదికి వెళ్ళింది.

లింగన్న బతికాడు. బడికి తిరిగివచ్చాడు గానీ ఎడమ చెవి ఇక వినబడదు. మొదటిరోజు అందరికీ దూరంగా, చివరన, తల ఒక పక్కకు వంచి కూర్చున్నాడు. సాహెబు ఊదిన రాగాన్ని వేళ్ళు అందుకోబోయి తప్పాయి, మళ్ళీ తప్పాయి. ఈసారి ఎవరూ మేకపిల్ల అనలేదు.

కోటిలింగం గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆనాటి ప్రశ్నను మళ్ళీ అడగలేదు. "నేనిప్పుడేం చెయ్యను?" అన్నాడు.

సాహెబు నోట్లోంచి పీక తీసి, దాన్ని కాసేపు చూసి, పక్కన పెట్టాడు.

"మన పీకల్లో ఉన్నదే నాయనా, వాడి పీక మీదికి వచ్చింది," అన్నాడు. "వెళ్ళు. వినబడే చెవి వైపు కూర్చో."