గొయ్యిమూత మీద గురువుగారు

ఆశ్రమంలో శిష్యుడు చిదంబరానికి మనసు కుదురుగా లేదు. పెరట్లో గొయ్యి తవ్వి, వరిగడ్డి ముక్కలు, పేడనీళ్లు కలిపి పోసి మూత బిగించాడు. లోపల మురిగితే గ్యాసు పుడుతుంది, గొట్టంలోంచి వచ్చి వంటింటి పొయ్యి వెలుగుతుంది. అది వెలిగిందా, కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టడం ఊరు మానేస్తుంది. అదీ అతని ఆశ.

రైతులు గడ్డికి నిప్పు పెట్టకుండా పౌర్ణమిదాకా చూస్తామన్నారు. ఆపైన ఆగలేరు పాపం, పెసలు చల్లుకోవాలి, నేలలో పదును ఆరిపోతోంది. గోతిలో పోసిన గడ్డి ఆ ఊరి రైతు నూకాలమ్మది. తనే నెత్తిన మోసుకొచ్చింది.

"ఆ పొగకి మా పిల్లది ఊపిరాడక గిలగిల్లాడిపోద్ది బాబూ. నీ గొయ్యే మాకు దిక్కు," అంది.

ఆ మాటతో మనవాడికి నిద్ర కరువైంది. పొద్దున ఓసారి మూత తీసి చూస్తాడు, మాపటికి ఓసారి. బుడగ లేదు, పాడూ లేదు.

"గాలి చొరబడితే గ్యాసు పుట్టదురా," అన్నారు గురువుగారు సోమప్ప.

"ఒక్కసారే స్వామీ! చూసి మూసేస్తాను."

మర్నాడు గురువుగారు చాప తెచ్చి మూతమీద పరుచుకుని కూర్చున్నారు. జపం అక్కడే, గంజి అక్కడే, కునుకూ అక్కడే.

"కాస్త లేవండి స్వామీ, చూడాలి."

"నడుం పట్టేసిందిరా."

"నేను లేపుతాను."

"ముట్టుకున్నావో, చూడు మరి!"

ఏం మొండి ముసలాయన! చిదంబరం అలిగి అన్నం మానేశాడు. ఎండ నెత్తికెక్కేసరికి మనసొప్పక తనే గొడుగు తెచ్చి పట్టాడు. అలా రోజులు గడిచాయి.

పౌర్ణమినాడు రైతులొచ్చారు. నూకాలమ్మ పిల్లను చంకనేసుకుని ముందు నిలబడింది. చిదంబరం గొట్టం మర తిప్పి అగ్గిపుల్ల గీశాడు. వెలగలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో పుల్ల గీశాడు.

భగ్గుమంది! నీలంగా, పొగన్నది లేకుండా.

నూకాలమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. "నా గడ్డి రేపే తోలిస్తాను," అన్నాడు ఇందాక నవ్వినాయన.

అంతా వెళ్లాక చిదంబరం గురువుగారి కాళ్లు పడుతూ కూర్చున్నాడు.

"నాలుగు చీవాట్లు పెడితే మానేసేవాణ్ణి కదా స్వామీ. ఇన్నాళ్లూ ఎండలో మీకెందుకీ శిక్ష?"

ఆయన అతని తల నిమిరారు.

"నీకు దానిమీద నమ్మకం లేదాయె. ఎవరో ఒకరం నమ్మాలి కదరా నాయనా."