పద్దెనిమిది నిండాయన్న ప్రవల్లిక

మార్కాపురంలో ప్రవల్లిక అనే పదమూడేళ్ళ పిల్ల ఉండేది; ఖోఖో ఆటలో చిరుతలా పరిగెత్తేది గానీ, ఎవరైనా తనను చిన్నపిల్ల అంటే మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యేది.

ఒక శనివారం ఊరి సినిమా హాల్లో పాత దయ్యం సినిమా ఒకటి మళ్ళీ విడుదలైంది. దాని పేరు వినగానే వాళ్ళమ్మ దయామణి నవ్వింది.

"మా రోజుల్లో అది పెద్దలకు మాత్రమే! నన్ను గేటు దగ్గరే ఆపి, 'పాలు తాగే పిల్లలకి కాదమ్మా' అని ఇంటికి తరిమారు."

ఇక ప్రవల్లికకు కాలు నిలవలేదు. అమ్మ చూడలేకపోయిన సినిమా తను చూసి తీరాలి! పెద్దమ్మ కూతురు సుగుణను తోడు రమ్మని బతిమాలి, ఆమె చీరే కట్టుకుని, కళ్ళకు కాటుక దిద్దుకుని మధ్యాహ్నం ఆటకు బయల్దేరింది.

"చీర దేనికే? రేపు జిల్లా ఫైనల్. కాలు మడతపడిందంటే మీ ఖోఖో సారు సుందరరావు నన్ను తంతాడు" అంది సుగుణ.

"నువ్వు నోరెత్తకక్కా. అంతా నేను చూసుకుంటాగా!"

హాలు ముందు డప్పులు మోగుతున్నాయి. ఈలలు, కేకలు! చించి ఎగరేసిన కాగితాలు తలల మీద వానలా పడుతున్నాయి. ప్రవల్లిక గుండె డప్పుకంటే గట్టిగా కొట్టుకుంది. గేటు దగ్గర టికెట్లు చించే కాశయ్య ఆమెను ఏమీ అడగలేదు. చెయ్యి చాచాడు, అంతే. కానీ ఆమె ఆగలేకపోయింది.

"నాకు పద్దెనిమిది నిండాయి! అమ్మతోడు!" అని అరిచినట్టు చెప్పింది.

"సరే పెద్దమ్మగారూ, దయచేయండి" అన్నాడు కాశయ్య. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒక్కరు మాత్రం నవ్వలేదు. ఆమె గిద్దలూరు పిల్లలకు ఖోఖో నేర్పే ఫాతిమా టీచరు. ఫైనల్ కోసం జట్టుతో ఆ ఊరు వచ్చి ఉంది.

మర్నాడు మైదానం చుట్టూ జనం కిక్కిరిశారు. మార్కాపురానికి, గిద్దలూరుకు ఫైనల్. పద్నాలుగేళ్ళలోపు పిల్లల పోటీ. "ప్రవల్లికా! ప్రవల్లికా!" అని తోటి పిల్లలు గొంతు చించుకుంటున్నారు. ఆమె బరిలోకి అడుగుపెట్టబోతుండగా ఫాతిమా టీచరు చెయ్యెత్తింది.

"ఆగండి. ఈ అమ్మాయి తనకు పద్దెనిమిది నిండాయని నిన్న నా ఎదుటే ఒట్టేసింది."

"లేదు సార్! నాకు పదమూడే!" అంది ప్రవల్లిక. ముఖం పాలిపోయింది.

రిఫరీ ఆమె వైపు తేరిపార చూశాడు. "నిన్న ఒట్టేసి ఒక మాట చెప్పావు. ఇవాళ ఒట్టు లేకుండా ఇంకో మాట చెబుతున్నావు. నేను దేన్ని నమ్మాలి?"

సుందరరావు సారు ఎంత మొత్తుకున్నా రిఫరీ వినలేదు. వయసు రుజువయ్యేదాకా బయట కూర్చోవాల్సిందే అన్నాడు. ఆ రుజువు బడి బీరువాలో ఉంది. ఆరోజు ఆదివారం. దయామణి తాళాల కోసం హెడ్మాస్టరు ఇంటికి పరుగెత్తింది.

ఆట మొదలైంది. "ఖో! ఖో!" అని కేకలు మిన్నంటాయి. ఆఖరి నిమిషంలో గిద్దలూరు పిల్ల ఒకతె స్తంభం దగ్గర తడబడింది. ప్రవల్లిక ఉంటే గెంతి పట్టేసేది! ఆమె కూర్చున్న చోటే అరచేతులు నేలకేసి కొట్టుకుంది. ఈల మోగింది. మార్కాపురం ఒక్క పాయింటుతో ఓడిపోయింది. అప్పుడు వచ్చింది దయామణి, చెమటలు కక్కుతూ, చేతిలో కాగితంతో.

ఫాతిమా టీచరు ఆ కాగితం చూసి, వచ్చి ప్రవల్లిక పక్కన కూర్చుంది.

"అబద్ధమేమోనని నాకూ అనుమానమే. కానీ నువ్వే అమ్మతోడన్నాక కాదనడానికి నేనెవరినే?"

"ఆ సినిమాకి నన్ను రానివ్వరనుకున్నా టీచర్. పెద్దలకి మాత్రమే కదా!"

"అది మీ అమ్మనాటి మాట. అప్పుడు 'ఏ' ఇచ్చారు. ఇప్పుడు భయంకరమైన చోట్ల కత్తెర వేసి మళ్ళీ సెన్సారుకు పంపారు. కాలంతో కొలతలూ మారాయి. ఒకప్పుడు అందరికీ 'యు', పెద్దలకు 'ఏ', అంతే. తర్వాత మధ్యలో 'యు/ఏ' వచ్చింది. ఇప్పుడు అందులోనూ ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని విడదీశారు. నువ్వు చూసిన సినిమాకు పదమూడు చాలు. పోస్టరు మీద పెద్దక్షరాలతో ఉంది!"

ప్రవల్లిక తలెత్తలేకపోయింది. లేచి వెళ్ళి, ఏడుస్తున్న తన జట్టు ముందు చేతులు జోడించి నిలబడింది.

గొప్ప కోసం ఆడిన అబద్ధం, అవసరం పడిన రోజున మన నిజాన్ని కూడా చెల్లనివ్వదు.