గవరయ్య సముద్రం చూసిన రోజు

అనంతగిరి కొండ మీద గవరయ్య అనే మేకపోతు ఉండేవాడు. బారెడు గడ్డం, మెలితిరిగిన కొమ్ములు. నడుస్తుంటే ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నట్టు కనిపించేవాడు గాని, ఆ తలలో లేత చిగుళ్ళు తప్ప మరో ఆలోచన ఉండేది కాదు. మేకపోతు గాంభీర్యమని ఊరికే అన్నారా!

ఆ ఏడు విశాఖ పక్కన, సముద్రపుటొడ్డున ఎర్రమట్టి దిబ్బల దగ్గర జంతువుల మహాసభ పెట్టారు. కొండ మీది ఊటనీళ్ళు ఎండాకాలంలో ముందు ఎవరు తాగాలో అక్కడ తేలాలి. ముందు మేమంటే మేమని కొండ మీది మందలకూ, లోయలోని నక్కలకూ రెండేళ్ళుగా తగువు.

"గవరయ్యనే పంపుదాం. ఆ గడ్డం చూస్తే సభంతా లేచి నిలబడుతుంది," అన్నాయి మేకలు.

ముసలావు పైడమ్మ అతని మెడలో తాటాకు బిళ్ళ కట్టింది. అది ఎవరి దగ్గరుంటే కొండ మాట వాళ్ళదే.

"గడ్డం మాట్లాడదురా నాయనా, నువ్వు మాట్లాడాలి. నక్కలు దిగి కెలికిన నీళ్ళు తాగితే మన దూడలు బతకవు. అది చెప్పు చాలు," అంది.

రెండు రోజులు నడిచి గవరయ్య సభకు చేరాడు. లోయ తరఫున వచ్చిన సూరిబాబు అనే నక్క నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రా బావా! ఇంతకుముందెప్పుడైనా సముద్రం చూశావా?"

"లేదు."

"అయ్యో, ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా? ఇవాళంతా దండలూ, పొగడ్తలే. మన తగువు రేపటికి గాని రాదు. గాలి హాయిగా ఉంది, వెళ్ళిరా. పేరు పిలిస్తే ఉన్నావని చెబుతాలే. ఆ బిళ్ళ ఇలా ఇయ్యి."

గవరయ్యకు పైడమ్మ మాట గుర్తొచ్చింది. అంతలో దిబ్బల సందులోంచి నీలంగా సముద్రం మెరిసింది. బిళ్ళ తీసి ఇచ్చేశాడు.

ఆ పూట ఎంత బాగుందో! అల వస్తే వెనక్కి గెంతాడు, అల పోతే వెంటపడ్డాడు. కంకులమ్మే బళ్ళ వెనక పారేసిన మొక్కజొన్న పొట్టు కడుపారా మేశాడు. వెచ్చటి ఇసుకలో పడుకుని కునుకు తీశాడు. లేచేసరికి పొద్దు వాలుతోంది.

గబగబా సభకొచ్చాడు. అధ్యక్షుడైన ముసలి ఎద్దు అతన్ని చూసి ఆదుర్దాగా లేచాడు.

"ఒంట్లో ఎలా ఉంది నాయనా? వడదెబ్బ తగిలి పడుకున్నావట కదా! నీ బిళ్ళ చూపించి, నీ మాటగా సూరిబాబే చెప్పాడు. నక్కలు మధ్యాహ్నం దాకా తాగాక మీరు తాగుతారట. ఎంత పెద్ద మనసయ్యా మీ కొండవాళ్ళది! ఈ ఎండాకాలానికి అలాగే ఖాయం చేశాం. నువ్వూ ఔనంటే ఇక సభ ముగిస్తాం."

గవరయ్య నోరు తెరిచాడు. సభలో అందరూ అతన్నే చూస్తున్నారు. గడ్డం నిండా ఇసుక, కొమ్ముకి మొక్కజొన్న పీచు. 'నాకు వడదెబ్బ తగల్లేదు' అంటే, మరి ఎక్కడున్నావని అడుగుతారు. ఒక్క మాట చాలు, నక్క ఎత్తంతా తిరగబడేది. ఆ ఒక్క మాటా గొంతు దాటలేదు.

"ఇప్పుడు... ఫర్వాలేదండి. ఔను," అన్నాడు తల వంచుకుని.

పక్కనే సూరిబాబు బిళ్ళ తిరిగి అతని మెడలో వేస్తూ, "ఆరోగ్యం జాగ్రత్త బావా," అన్నాడు.

కొండకు తిరిగొచ్చాక మంద చుట్టూ మూగింది. దారంతా గవరయ్య ఒక కథ అల్లుకున్నాడు: సభలో గర్జించాడట, నక్కలు లంచం పెట్టాయట. తీరా పైడమ్మ కళ్ళలోకి చూసేసరికి అది నోట రాలేదు.

"నేను సభలో లేను పెద్దమ్మా. సముద్రంలో ఆడుకున్నాను," అని జరిగిందంతా చెప్పాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పైడమ్మ, "అక్కడే చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవారురా. మన నీళ్ళు మనకుండేవి," అని దూడల దగ్గరికి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే కదిలారు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నానికి ఊట బురదయ్యేది. గవరయ్య రోజూ పక్కన ఇసుకలో గిట్టలతో చెలమ తవ్వేవాడు. గిట్టలు చిట్లి నెత్తురొచ్చినా ఆపేవాడు కాదు. అందులో తేట నీరు ఊరేదాకా నిలబడి, దూడలన్నీ తాగాక, తను వెళ్ళి ఆ బురదనీళ్ళే తాగేవాడు. ఎవరైనా పలకరిస్తే తలెత్తేవాడు కాదు.

మోసపోవడం కాదు, సిగ్గుపడి నోరు మూసుకోవడమే అసలు చేటు.